రంభా నుంచి చిలికా చిన్న దీవుల్లో పాత ఆనవాళ్ళు చూడాలంటే ఎలా

చిలికా అంటే బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు మనవాళ్ళకి కాళీజాయి గుడి, బాలుగావ్ రొయ్యలు, చలికాలం పక్షులు, అంతే. బోటెక్కుతాం, గబగబా నాలుగు దీవులు చుట్టేస్తాం, ఫోటోలు దిగుతాం, పీతల కూర తిని ఇంటికొచ్చేస్తాం. కానీ ఆ సరస్సు దక్షిణం కొసన రంభా దగ్గర చిన్న చిన్న రాతి దీవులున్నాయి చూడండి, వాటి మీదా వాటి చుట్టూ ఉన్న ఒడ్డు మీదా ఖల్లికోట రాజుల కాలం, కంపెనీ దొరల కాలం, అంతకుముందు ఓడల కాలం, ఇంకా ముందు రాతి గొడ్డళ్ళ కాలం అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఇంత దగ్గర్లో పెట్టుకుని మనం చూడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, అందుకే ఎలా చూడాలో వరసగా రాస్తున్నాను. ముందే ఒక మాట, ఒక్క రోజుకి ఒక్క దీవి పెట్టుకోండి. ఐదు దీవులు తిరిగితే ఐదు రేవులు గుర్తుంటాయి, ఒక్క దీవి మీద రెండు మూడు గంటలు నడిస్తే అసలు కథ మొదలవుతుంది.

1. ఇంట్లో కూర్చుని మ్యాప్ చూడండి

బయల్దేరే ముందురోజు రాత్రి ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో శాటిలైట్ వ్యూ పెట్టి రంభా మీద జూమ్ చేయండి, గూగుల్ ఎర్త్ అయినా సరే, మన ఇస్రో వాళ్ళ భువన్ అయినా సరే. రంభా పక్కనే ఉన్న నీళ్ళలో పచ్చటి చుక్కల్లా దీవులు కనిపిస్తాయి, అవి బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అనే సంకుడా, హనీమూన్ ఐలాండ్ అనే బర్‌కుడా, బర్డ్స్ ఐలాండ్, ఇంకా చిన్న రాతి గుట్ట బీకన్ ఐలాండ్. ఇప్పుడు కాస్త జూమ్ అవుట్ చేసి పడమటి వైపు ఖల్లికోట కొండలు చూడండి, మళ్ళీ దీవులు చూడండి. రెండూ ఒకటే. ఈ దీవులు వేరే ఎక్కడినుంచో రాలేదు, తూర్పు కనుమల కొండ కొసలే నీళ్ళలో మునిగి పై ముక్కలు మాత్రం బయటికి మిగిలాయి.

ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే రేపటి నడకంతా మారిపోతుంది. ఎందుకంటే దాదాపు 20,000 ఏళ్ళ కిందట మంచుయుగం గట్టిగా ఉన్నప్పుడు సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందకి ఉండేది. అంటే అప్పుడు ఇక్కడ సరస్సూ లేదు దీవీ లేదు, సముద్రం ఎక్కడో దూరంగా ఉంది, ఇదంతా నేల, మధ్యమధ్యలో గుట్టలు. ఆ కాలంలో మనిషి ఈ సంకుడా గుట్ట ఎక్కి ఉంటే నడిచే ఎక్కి ఉంటాడు. తర్వాత సముద్రం పెరిగింది, మహానది తెచ్చిన మట్టినీ ఇసకనీ అలలు ఒడ్డు వెంబడి తోసుకొచ్చి దాదాపు 60 కిలోమీటర్ల పొడవున ఇసక గట్టు వేశాయి, ఆ గట్టు వెనక ఇరుక్కున్న నీళ్ళే చిలికా. సరస్సుగా దాని వయసు కొన్ని వేల ఏళ్ళే. కింద ఉన్న రాయి వయసు మాత్రం వంద కోట్ల ఏళ్ళ లెక్కలో ఉంటుంది. కాబట్టి "చరిత్రపూర్వ ఆనవాళ్ళు దీవి మీద ఏమున్నాయి" అని అడిగేటప్పుడు, అప్పుడది దీవేనా అని కూడా అడగాలి. జవాబు సగం దీవి మీద ఉంటే సగం ఒడ్డు మీద ఉంటుంది.

2. ఎప్పుడు వెళ్ళాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి. ఎండ తక్కువ, నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి, పక్షులు కూడా అప్పుడే. మార్చి దాటితే మధ్యాహ్నం దక్షిణ గాలి లేస్తుంది, చిన్న బోటుకి ఆ గాలిలో తిరిగి రావడం కష్టం. అక్టోబర్ గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చింది. ఆ నెలలో వెళ్ళేట్టయితే వాతావరణ శాఖ బులెటిన్ చూడకుండా బోటు మాట్లాడుకోవద్దు. ఆదివారాలు, జనవరి 1, సంక్రాంతి టైము వదిలేయండి, సంక్రాంతికి కాళీజాయి జాతర కోసం జనం విరగబడతారు, బోట్లు దొరకవు, దొరికినా బోటువాళ్ళకి మీ కోసం దీవి దగ్గర ఆగే తీరిక ఉండదు.

3. ఎలా చేరుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి

బరంపురం నుంచి నేషనల్ హైవే 16 మీద ఛత్రపురం, గంజాం, హుమ్మా దాటి రంభా. బస్సులో అయినా బండి మీద అయినా పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ టైముకి అక్కడ ఉంటారు. హౌరా చెన్నై లైను మీద రంభా స్టేషన్ కూడా ఉంది గానీ పెద్ద ఎక్స్‌ప్రెస్సులు ఎక్కువగా బాలుగావ్‌లో ఆగుతాయి, ప్యాసింజర్ టైము చూసుకోండి. దారిలో హుమ్మా దగ్గర ఉప్పుమడులు కనిపిస్తాయి, ఆగి చూడండి, గంజాం తీరంలో ఉప్పు చాలా పాత పని.

సంచిలో నీళ్ళు మనిషికి కనీసం రెండు లీటర్లు, ఎందుకంటే దీవి మీద తాగే నీళ్ళు లేవు, కొట్లు లేవు. కాళ్ళకి గట్టి బూట్లు, తడిసినా పర్వాలేని రకం, రేవు దగ్గర రాళ్ళు నాచుతో జారతాయి, గుల్లలు కాళ్ళు కోస్తాయి. ఫుల్ ప్యాంటు వేసుకోండి, ముళ్ళ పొదలు ఎక్కువ. చేతిలో ఒక కర్ర, పాములున్న చోటు కాబట్టి పొదలోకి అడుగేసే ముందు నేల మీద రెండు దెబ్బలు కొట్టండి. ఒక నోటుబుక్కు, పెన్సిలు, చిన్న టేపు, ఫోను, పవర్ బ్యాంకు. పది రూపాయల బిళ్ళ ఒకటి జేబులో విడిగా పెట్టుకోండి, దాని పని తర్వాత చెప్తాను. మరమరాలు, చెగోడీలు, ఉడకబెట్టిన గుడ్లు లాంటివి చాలు, ప్లాస్టిక్ కవర్లు తెస్తే మళ్ళీ మీతోనే వెనక్కి తెచ్చుకోండి.

4. బోటు మాట్లాడుకోవడం

రంభా రేవులో ఓటీడీసీ (ఒడిశా టూరిజం సంస్థ) వాళ్ళ పాంథనివాస్ వైపు బోట్లు ఉన్నాయి, ప్రైవేటు బోట్లూ ఉన్నాయి. రేటు బోర్డు ఉంటే అదే చూడండి, లేకపోతే ఎక్కే ముందే మాట తెగ్గొట్టుకోండి. ఇక్కడ అసలు బేరం డబ్బు గురించి కాదు, టైము గురించి. మామూలు టూరిస్టు ప్యాకేజీలో దీవి దగ్గర పది పదిహేను నిమిషాలు ఆపుతారు, మీకు అది చాలదు. కాబట్టి "మేము ఒక్క దీవే చూస్తాం, అక్కడ మూడు గంటలుంటాం, మీరు ఉంటే సరే, లేదా వెళ్ళి మళ్ళీ ఈ టైముకి రండి" అని ముందే చెప్పండి. ఒడియాలో చెప్పాలంటే "భాయినా, ఏఠి తిని ఘంటా రొహిబా" అంటే చాలు, అర్థమవుతుంది. కొంతమంది బోటువాళ్ళకి తెలుగు కూడా వస్తుంది, ఈ తీరమంతా నోలియా జాలర్లున్నారు, వాళ్ళ ఇళ్ళలో తెలుగే, "అన్నా" అని పిలిచి మాట్లాడితే వెంటనే ఏ ఊరు మీది అని అడుగుతారు. పెద్ద వయసు బోటాయన దొరికితే వదలకండి. ఏ గుట్ట మీద పాత గోడ ఉంది, ఎక్కడ నీళ్ళు తగ్గితే రాతి కట్టు బయటపడుతుంది, ఏ వైపు రేవు మంచిది, ఇవన్నీ ఆయనకి తెలిసినంత ఏ మ్యాపుకీ తెలియదు. ఆయన ఫోన్ నంబర్ తీసుకుని మీ నంబర్ ఇవ్వండి, సిగ్నల్ ఒక్కోచోట పోతుంది కాబట్టి తిరిగొచ్చే టైము నోటితో కూడా ఖాయం చేసుకోండి. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కవద్దు, చిలికా చాలాచోట్ల మనిషి లోతే అని చెప్పి కొందరు వద్దంటారు, గాలి లేచినప్పుడు ఆ లోతు చాలు.

5. దిగే ముందు బోటులోంచే చూడాల్సినవి

రేవు వదలగానే వెనక్కి తిరిగి చూడండి. ఒడ్డున రంభా ప్యాలెస్ కనిపిస్తుంది. ఈ భవనం మొదలుపెట్టింది 18వ శతాబ్దం చివర గంజాం కలెక్టర్‌గా ఉన్న స్నాడ్‌గ్రాస్ కాలంలో, తర్వాత ఖల్లికోట రాజుల చేతికొచ్చింది. అప్పట్లో గంజాం మద్రాసు కింద ఉండేది, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన పెద్దవాళ్ళ కాగితాలన్నీ మద్రాసు పేరుతోనే ఉండేవి. ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకటి కావాలన్న ఉద్యమంలో 1903లో జరిగిన తొలి సమాలోచనల్లో ఈ రంభాకి కూడా చోటుంది. కాబట్టి ఈ ఇల్లు ఒడియా వాళ్ళ చరిత్రా మన చరిత్రా రెండూ.

ఇంకాస్త ముందుకెళ్తే ఘంటశిల కొండ, దానికి దగ్గర్లో నీళ్ళ మధ్య ఒక్క బండరాయి, దాని మీద శంఖు ఆకారంలో నిలబడ్డ కట్టడం. అదే బీకన్ ఐలాండ్. అదే స్నాడ్‌గ్రాస్ కట్టించిన దీపస్తంభం, పైన దీపం పెట్టడానికి. ఇక్కడ దిగడానికి ప్రయత్నించకండి, బోటు ఆపించి నిదానంగా చుట్టూ ఒక రౌండు కొట్టించండి. రాయి ఎక్కడ అయిపోయి కట్టడం ఎక్కడ మొదలైందో చూడండి, గచ్చు ఎక్కడ ఊడిందో అక్కడ లోపలి రాళ్ళ వరస కనిపిస్తుంది. ఒక్క దీపం కోసం నడి నీళ్ళలో ఇంత కట్టారంటే, రాత్రిపూట కూడా ఈ బేలో పడవలు నడిచేవన్నమాట, అంటే సరుకు నడిచేది. సరుకు గురించి కింద పాలూరు దగ్గర మళ్ళీ చెప్తాను.

బర్డ్స్ ఐలాండ్ పక్కనుంచి వెళ్తే వేలాడుతున్నట్టు ఉండే పెద్ద పెద్ద బండలు పక్షుల రెట్టలతో తెల్లగా అయిపోయి కనిపిస్తాయి, ఆ తెలుపు చూసి సున్నం పూత అనుకోవద్దు. నలబణ దీవి మీద మాత్రం ఎవరు చెప్పినా దిగవద్దు, అది పక్షుల అభయారణ్యం, దిగడం నిషేధం, పైగా అది దక్షిణం వైపు కాదు, బాలుగావ్, బర్‌కుల్ వైపు నుంచి దగ్గర.

6. దీవి దిగాక మొదట అంచు, తర్వాత మధ్య

నేను మొదటిసారి వెళ్ళేవాళ్ళకి బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ చెప్తాను. రంభాకి దగ్గర, చిన్నది, పాత కట్టడం ఉంది, రాళ్ళూ బాగా కనిపిస్తాయి. దిగగానే అందరూ నేరుగా పాడుబడ్డ బంగళా వైపు పరిగెడతారు. మీరు అలా వెళ్ళకండి. ముందు నీటి అంచు వెంట దీవి చుట్టూ ఎంతవరకు నడవగలిగితే అంత నడవండి, రాళ్ళు అడ్డొస్తే వెనక్కి వచ్చి రెండో వైపు నుంచి వెళ్ళండి.

అంచున ఎందుకంటే నీళ్ళు నేలని కోసి లోపల ఉన్నదాన్ని బయటపెడతాయి. దీవి మధ్యలో ఆకులూ మట్టీ కప్పేసినవన్నీ అంచున గట్టు కోతలో పొరలు పొరలుగా కనిపిస్తాయి. పైన నల్లమట్టి, కింద ఎర్రమట్టి, మధ్యలో గుల్లల పొర ఉందా, బొగ్గు ముక్కలున్నాయా, ఇటుక ముక్కలున్నాయా, ఏ ఎత్తులో ఉన్నాయి, ఇవి చూసి నోటుబుక్కులో రాసుకోండి. గుల్లల పొర నీటి మట్టానికి చాలా పైన ఉంటే అది అలలు తెచ్చి వేసిందా మనుషులు తిని పారేసిందా అని ఆలోచించాలి. అలలు తెస్తే చిన్నా పెద్దా, నిండుగా ఉన్నవీ విరిగినవీ, రకరకాలు కలిసి ఉంటాయి, మనుషులు తింటే ఒకటి రెండు రకాలు, ఇంచుమించు ఒకే సైజువి, దగ్గర్లో బూడిదో బొగ్గో ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పటి జాలర్లు కూడా దీవుల్లో దిగి వండుకుంటారు కాబట్టి బొగ్గు కనబడగానే వెయ్యేళ్ళ నాటిది అనుకోకండి, పక్కన సిగరెట్ పెట్టె, గుట్కా కవరు ఉందేమో చూడండి, ఉంటే అది నిన్నటిదే.

రాయి దగ్గరికొస్తే, ఇక్కడ ఎక్కువగా ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది, మన తూర్పు కనుమల అసలు రాయి ఇదే, సింహాచలం నుంచి ఇక్కడిదాకా. తుప్పు రంగులో ఉంటుంది, దగ్గరగా చూస్తే ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి, అవి గార్నెట్లు. ఆ గార్నెట్లే విడిపోయి ఒడ్డు ఇసకలో ఎర్ర చారలుగా, వాటి పక్కనే ఇల్మెనైట్ అనే ఖనిజం నల్ల చారలుగా ఉంటాయి, ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ కంపెనీ తవ్వి తీసేది ఇలాంటి ఇసకనే. ఈ రాయి ఎండకీ వానకీ ఉప్పుగాలికీ ఒకేలా అరగదు, మెత్తని భాగం ముందు పోయి గుంటలు గుంటలుగా మిగులుతుంది. చాలామంది ఆ గుంటలు చూసి ఎవరో చెక్కారు, ఇది ఆదిమానవుల గుర్తు అని ఫోటో పెట్టేస్తారు. మనిషి చెక్కిన గుంటకి లోపల గోడ నున్నగా ఉంటుంది, పక్కపక్కనే ఒకే లోతులో ఉంటాయి, సాధారణంగా చదునైన రాయి పైముఖం మీద ఉంటాయి. రాయి పక్క గోడ మీద, అడ్డదిడ్డంగా, తేనెపట్టులా ఉన్నవి గాలి చేసినవి.

7. బంగళా దగ్గర

ఇప్పుడు మధ్యకి వెళ్ళండి. ఖల్లికోట రాజు కట్టించిన బంగళా శిథిలం అది, రాజులూ అతిథులూ ఇక్కడికొచ్చి పొద్దుటి ఫలహారం చేసేవారు, అందుకే ఆ పేరు అని చెప్తారు. లోపలికి వెళ్ళొద్దు, గోడ మీద ఎక్కొద్దు, పైన నిలబడ్డ ఇటుకలు ఎప్పుడు రాలతాయో తెలియదు. బయట నిలబడి నాలుగు మూలలా చూడండి.

చూడాల్సింది అతుకు. సిమెంటు అయితే బూడిద రంగు, గోరుతో గీకితే ఏమీ రాదు. పాత సున్నం అయితే తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి పొడి రాలుతుంది, అందులో కాలీ కాలని గుల్ల ముక్కలు కనిపిస్తే గుల్ల సున్నం అని అర్థం, ఈ నీళ్ళ పక్కన గుల్లలు కాల్చి సున్నం చేయడం పాత పని, మన తాతలు తాంబూలంలో వేసుకున్నదీ గుల్ల సున్నమే. ఒకే గోడలో కింద సున్నం, పైన సిమెంటు ఉంటే తర్వాత ఎవరో రిపేరు చేశారు. ద్వారం ఎటు తిరిగి ఉంది, కిటికీలు ఏ వైపు ఎక్కువున్నాయి చూడండి, చిలికా మీద గాలి ఎటునుంచి వస్తుందో తెలిసినవాళ్ళు కట్టారో లేదో తెలిసిపోతుంది. రేవు నుంచి బంగళాకి పాత మెట్లో దారో ఉందా, దిగిన చోటు సహజమైన రాయేనా లేక పేర్చిన రాళ్ళా, ఇది కూడా చూడండి. గోడల మీద పేర్లు చెక్కినవాళ్ళని చూస్తే కడుపు రగిలిపోతుంది, మీ వెంట పిల్లలుంటే ఆ పేర్లు చూపించి ఎందుకు చేయకూడదో అక్కడే చెప్పండి.

8. రాతియుగం దేన్ని పట్టి చూడాలి

ఇది చాలామంది అడిగేది. ముందు చిలికా చుట్టూ నిజంగా తవ్వి దొరికింది ఏంటో తెలుసుకోండి. సరస్సు ఉత్తరం వైపు, ఖుర్దా జిల్లాలో, చిలికాలోకి వచ్చే మలాగుణి నది ఒడ్డున గోలబాయి శాసన్ అనే ఊరుంది. అక్కడ 1991లో పురావస్తు శాఖ తవ్వకాల్లో నవీన శిలాయుగం, దాని తర్వాత రాగి వచ్చిన తామ్ర శిలాయుగం రెండూ దొరికాయి. రాతి బాడిసెలు, ఎముక పనిముట్లు, గుడిసెల నేలలు. ఆ బాడిసెలు చూసి పడవలు చెక్కేవారని పరిశోధకులు చెప్తారు, నదిలోంచి సరస్సులోకి, సరస్సులోంచి సముద్రంలోకి దారి ఉంది కాబట్టి. అంటే మీరు నిలబడ్డ దీవి పక్కనుంచి పడవలు పోవడం రాజులతో మొదలైంది కాదు, వేల ఏళ్ళ పని.

దీవి మీద మీకు అలాంటిదేదైనా కనిపిస్తుందని నేను మాట ఇవ్వను. కానీ ఎలా చూడాలో తెలిస్తే కన్ను ఊరికే ఉండదు. మొదటిది, పరాయి రాయి. అంతా తుప్పు రంగు ఖోండలైట్ ఉన్న చోట నల్లగా, గట్టిగా, నున్నగా ఉన్న రాయి ఒక్కటి పడుంటే అది తనంతట రాలేదు, ఎవరో తెచ్చారు. తెచ్చినది బోటు బరువు కోసమా, వల కోసమా, పనిముట్టా అని చూడాలి. రెండోది అంచు. నవీన శిలాయుగం గొడ్డలికి ఒక వైపు రుద్ది రుద్ది పదును చేసిన అంచు ఉంటుంది, రెండు పక్కలా నునుపు కలుస్తుంది, అల కొట్టిన రాయి అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా ఉంటుంది. మూడోది పెచ్చు. మనిషి కొట్టి తీసిన రాతి పెచ్చుకి దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, దాని నుంచి నీళ్ళలో అలల్లా వంపు గీతలు ఉంటాయి, చెకుముకి రకం రాళ్ళలో అది బాగా కనిపిస్తుంది, ఖోండలైట్‌లో కనిపించదు.

కుండ పెంకులు మాత్రం ఎక్కడైనా కనిపిస్తాయి. లోపలి వైపు సన్నటి సమాంతర గీతలుంటే సారె మీద చేసింది, మందం ఒక్కో చోట ఒక్కోలా ఉండి వేళ్ళ నొక్కులు తెలిస్తే చేత్తో చేసింది. బయట తాడు అచ్చుల్లాంటివి ఉంటే ఆగి జాగ్రత్తగా చూడండి, అలాంటి అచ్చుల కుండలు తూర్పు భారతంలో చాలా పాత కాలానివి ఉన్నాయి. కానీ ఇప్పటికీ కుమ్మరి కుండలు ఈ ఊళ్ళలో వాడుతున్నారు, కాబట్టి పెంకు ఒక్కటి చూసి తేల్చేయకూడదు. కన్నుకి అలవాటు కావాలంటే వెళ్ళే ముందు ఒకసారి భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ మ్యూజియం చూడండి, రాతి పనిముట్లు అద్దాల వెనక ఉన్నాయి, అసలువి చూసిన కన్నుకి తేడా తెలుస్తుంది.

9. ఏదైనా కనిపిస్తే

ఇది చదివినవాళ్ళు మిగతా అంతా మర్చిపోయినా పర్వాలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. తీయొద్దు. తవ్వొద్దు. జేబులో వేసుకోవద్దు. పెంకు ఏ పొరలో, ఏ గట్టులో, దేని పక్కన ఉందన్నదే దాని చరిత్ర, దాన్ని ఇంటికి తెచ్చి షోకేస్‌లో పెడితే అది ఉత్త పెంకు. పైగా చట్టం కూడా ఉంది, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ప్రకారం నేలలో దాగి దొరికిన విలువైన వస్తువు పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి, 1972 పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన వస్తువుల అమ్మకాలు, ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది.

చేయాల్సింది ఇది. పది రూపాయల బిళ్ళ దాని పక్కన పెట్టండి, ఆ బిళ్ళ అడ్డం 27 మిల్లీమీటర్లు, ఫోటో చూసినవాళ్ళకి వస్తువు సైజు వెంటనే తెలుస్తుంది. మూడు ఫోటోలు తీయండి, దగ్గరగా ఒకటి, రెండడుగుల వెనక నుంచి ఒకటి, దీవిలో ఏ మూలో తెలిసేలా దూరం నుంచి ఒకటి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి, మ్యాప్ మీద పిన్ను పెట్టి స్క్రీన్‌షాట్ తీసుకోండి. నోటుబుక్కులో తారీఖు, నీటి అంచు నుంచి ఎన్ని అడుగులు, పక్కన ఏమున్నాయి రాయండి. బిళ్ళ మాత్రం తీసేసుకుని, వస్తువుని కదపకుండా వచ్చేయండి. తర్వాత ఆ వివరాలన్నీ పురావస్తు శాఖ భువనేశ్వర్ ఆఫీసుకో, జిల్లా కలెక్టర్ ఆఫీసుకో పంపండి. సోషల్ మీడియాలో లొకేషన్‌తో సహా పెట్టకండి, గుప్తనిధుల పిచ్చి ఉన్నవాళ్ళు పారలు పట్టుకుని బయల్దేరతారు, మన వైపు కొండల్లో ఎన్ని పాత గుళ్ళ కింద గోతులున్నాయో మీకు తెలుసు.

10. బర్‌కుడా ఎవరికి

రెండోసారి వస్తే బర్‌కుడా పెట్టుకోండి. ఇక్కడ కట్టడాల కంటే ప్రాణి చరిత్ర గొప్పది. జూలాజికల్ సర్వే మొదటి డైరెక్టర్ అన్నండేల్ 1917లో ఈ దీవి మీద కాళ్ళు లేని ఒక నలికిరి లాంటి జీవిని గుర్తించి దీవి పేరే దానికి పెట్టాడు, బర్‌కుడియా ఇన్సులారిస్. పాములా కనిపిస్తుంది, చెట్ల వేళ్ళ దగ్గర మెత్తటి మట్టిలో ఉంటుంది. దాని దగ్గరి బంధువు ఇంకో జాతి విశాఖపట్నంలో ఉంది. ఇక్కడ ఒక జాతి, అక్కడ ఒక జాతి, మధ్యలో ఇన్ని వందల కిలోమీటర్లు, ఈ దీవి ఒకప్పుడు నేలతో కలిసే ఉందన్న మాటని పక్కన పెట్టుకుని దీని గురించి ఆలోచించండి. రాళ్ళు తిప్పి, మట్టి గెలికి దాన్ని వెతకొద్దు, ఉన్న చోటే చిన్నది. ఈ దీవి చుట్టూ నీళ్ళు తేటగా ఉంటాయి, అడుగున ఎర్ర, పచ్చ నాచులు బోటులోంచే కనిపిస్తాయి.

11. మధ్యాహ్నం తర్వాత, ఒడ్డు

గాలి లేవకముందే రంభాకి వచ్చేయండి, అన్నం తినండి, ఆ తర్వాత మిగిలిన కథ ఒడ్డు మీద ఉంది. దక్షిణం వైపు పాలూరు. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ పలౌరా అని రాసిన రేవు ఇదే అని చాలామంది పండితుల అభిప్రాయం, తూర్పు దేశాలకి వెళ్ళే ఓడలు తీరం వదిలి నడి సముద్రంలోకి తిరిగే చోటు దాని దగ్గరే అని ఆయన రాశాడు. పాలూరు కాలువ చిలికాని ఋషికుల్య ముఖద్వారంతో కలుపుతుంది. పొద్దున్న చూసిన బీకన్ దీపం, ఈ కాలువ, ఈ రేవు, మూడూ ఒకే నీటి దారి మీద ఉన్నాయి. చిలికా మళ్ళీ సముద్రంతో కలిసే చోట మాణిక్‌పట్న తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు కూడా దొరికాయి.

తిరుగు దారిలో గంజాం ఊరి దగ్గర పోటాగఢ్, 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ కట్టించిన నక్షత్రం ఆకారపు కోట, వెలుగుంటే ఒక అరగంట ఆగండి. జౌగఢ మాత్రం వేరే రోజు పెట్టుకోండి, దానికి తొందర పనికిరాదు. పురుషోత్తమ్‌పూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున, మట్టి కోట గోడల మధ్య బండ మీద అశోకుడి శాసనాలు, కళింగ వాళ్ళ కోసం విడిగా రాయించిన రెండూ అక్కడున్నాయి. మనుషులందరూ నా బిడ్డలే అన్న మాట ఈ జిల్లా బండ మీద ఉంది, బరంపురం నుంచి బస్సులో వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. పురుషోత్తమ్‌పూర్ దాకా బస్సులో, అక్కడినుంచి ఆటో, తిరిగొచ్చేటప్పుడు ఆటో దొరకడం కష్టం కాబట్టి వెళ్ళిన ఆటోనే ఉండమని చెప్పుకోండి.